కేంద్రమా, ఓటింగా, గాసిపా, వేలమా? తమంతట తాము సర్దుకునే యంత్ర సమూహాలకు సమన్వయ పద్ధతి ఎంచుకోవడం ఎలా

గోదాములో తిరిగే రోబో బండ్లు, గుంపుగా ఎగిరే డ్రోన్లు, ఒకే మైక్రోగ్రిడ్‌కు (చిన్న స్థానిక విద్యుత్ గ్రిడ్‌కు) కరెంటు అందించే ఇన్వర్టర్లు, భవనమంతా పరుచుకున్న సెన్సర్లు. పనులు వేరైనా వీటి కట్టడి ఒకటే. ప్రతి నోడ్‌లో (అంటే గుంపులోని ఒక్కో యంత్రంలో) ఒక ప్రాసెసర్, కొన్ని సెన్సర్లు, బయటి ప్రపంచాన్ని కదిలించే మోటారో వాల్వో రిలేనో, వీటిని కలుపుతూ అప్పుడప్పుడూ తెగిపోయే నెట్‌వర్క్. ఏ నోడ్ ఎప్పుడు ఆగిపోతుందో, కొత్తది ఎప్పుడు చేరుతుందో ముందే తెలియదు. ఎవరో వచ్చి సెట్టింగులు మార్చేదాకా ఆగకుండా మిగిలిన నోడ్‌లే పని పంచుకుని నడవాలి. అలాంటి సాఫ్ట్‌వేర్ రాయడానికి కూర్చుని, ఉన్న పద్ధతుల్లో దేన్ని పట్టుకోవాలో తేలక ఆగిపోయినవారి కోసం ఈ పోలిక.

చాలా జట్లు "ఏ ఫ్రేమ్‌వర్క్ వాడదాం" అనే ప్రశ్నతో మొదలుపెడతాయి. దానికంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఈ వ్యవస్థ తీసుకునే నిర్ణయాలేమిటి? ఒక్కో నిర్ణయం ఎంత సమయంలో జరగాలి, తప్పితే ఏమవుతుంది? రోబో బండ్లనే తీసుకోండి. ఎదురుగా వస్తున్న బండికి దారివ్వడం ఒక నిర్ణయం. ఇరుకు సందులోకి ముందు ఎవరు వెళ్లాలన్నది ఇంకొకటి. కొత్త సరుకు ఎవరు మోయాలన్నది మూడోది, రేపటి మ్యాప్ నవీకరణ నాలుగోది. ఈ నాలుగింటికీ ఒకే పద్ధతి సరిపోదు. పద్ధతిని వ్యవస్థకు కాదు, నిర్ణయానికి ఎంచుకోవాలి. కింది పోలికంతా ఆ లెక్కలోనే చదవండి.

## ముందు కొలవాల్సినవి

పాతబడ్డ సమాచారంతో ఎంతసేపు భద్రంగా నడవగలం? అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఇదే, దీన్ని అంకెల్లోనే రాయాలి. రెండు బండ్లు సెకనుకు 1.5 మీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తుంటే వాటి మధ్య దూరం సెకనుకు 3 మీటర్లు తగ్గుతుంది. సందేశం 200 మిల్లీసెకన్లు ఆలస్యమైతే 0.6 మీటర్లు అప్పుడే పోయాయి. బ్రేకు వేస్తే సెకనుకు 1.5 మీటర్లు/సెకను చొప్పున వేగం తగ్గుతుందనుకుంటే ఒక్కో బండి ఆగడానికి 0.75 మీటర్లు కావాలి. మొత్తం 2.1 మీటర్లు. బండి సెన్సర్ 2 మీటర్ల దూరమే చూడగలిగితే, ఎంత మంచి సమన్వయ అల్గారిథం పెట్టినా ఢీకొంటాయి. అప్పుడు వేగమైనా తగ్గించాలి, నిర్ణయాన్ని నెట్‌వర్క్ మీద ఆధారపడకుండానైనా చేయాలి. ప్రతి నిర్ణయానికీ ఇలాంటి లెక్క ఒకటి ఉండాలి.

ఇద్దరు వేర్వేరుగా నమ్మితే నష్టమెంత? రెండు సెన్సర్లు గది ఉష్ణోగ్రతను అర డిగ్రీ తేడాతో నమ్మితే ఏమీ కాదు. రెండు బండ్లు "ఈ సందు నాదే" అని నమ్మితే ప్రమాదం. రెండోరకం నిర్ణయాలు చాలా వ్యవస్థల్లో వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. వాటిని ముందే విడిగా రాసుకుంటే మిగతా డిజైన్ తేలికవుతుంది.

నెట్‌వర్క్ రెండు ముక్కలైతే ఏ ముక్క ఏం చేయాలి? చిన్న ముక్క ఆగిపోవచ్చా, లేక రెండూ పనిచేస్తూనే ఉండాలా? ఆగడం భద్రమనే అనుకుంటాం. గాల్లో ఉన్న డ్రోన్‌కు, ఆసుపత్రికి కరెంటిచ్చే ఇన్వర్టర్‌కు అది వర్తించదు.

నోడ్‌లెన్ని, ఎంత తరచుగా మారతాయి? పదా, వందా, వెయ్యా? గంటకొకటి మారుతుందా, సెకనుకొకటా?

రేడియోలో ఎంత చోటుంది? తక్కువ విద్యుత్తుతో నడిచే సెన్సర్లలో విరివిగా కనిపించే 802.15.4 రేడియోలో ఒక్క ఫ్రేమ్ (ఒక్కసారి పంపే డేటా మూట) గరిష్ఠంగా 127 బైట్లు, వేగం సెకనుకు 250 కిలోబిట్లు. హెడర్లు పోను మీ డేటాకు మిగిలేది వంద బైట్ల లోపే. కాగితం మీద చక్కగా కనిపించే చాలా అల్గారిథాలు ఈ ఒక్క గీత దగ్గరే ఆగిపోతాయి.

వీటికి తోడు, జరిగిన నిర్ణయాన్ని తర్వాత వివరించగలగాలా అన్నది కూడా చూడండి. భద్రతా ధ్రువీకరణ అవసరమైన చోట ఇదే తుది మాట అవుతుంది.

## ఒక్క చూపులో

| పద్ధతి | సరిపోయే గడువు | ఒక్కరికే హక్కు దక్కేలా చూడగలదా | చీలిక వస్తే | నోడ్‌ల సంఖ్య | వివరించడం |
|---|---|---|---|---|---|
| కేంద్ర సమన్వయకర్త | సెకన్లు, నిమిషాలు | అవును, కేంద్రం ఒక్కటే ఉన్నంతవరకు | కేంద్రం లేని ముక్క స్థానిక నియమాలతోనే నడవాలి | వందల దాకా సులువు | తేలిక |
| ఓటింగ్‌తో ఏకాభిప్రాయం | వందల మిల్లీసెకన్లు, సెకన్లు | అవును | మెజారిటీ లేని ముక్క ఆగుతుంది | ఓటర్లు 3 లేదా 5 | తేలిక |
| గాసిప్ (ఒకరి నుంచి ఒకరికి కబురు పాకించడం), సీఆర్‌డీటీ (ఏ వరుసలో కలిపినా ఒకే విలువ ఇచ్చే డేటా రూపం) | సెకన్లు, నిమిషాలు | కాదు | రెండూ నడుస్తాయి, తర్వాత కలుస్తాయి | వేల దాకా | మధ్యస్థం |
| గ్రేడియంట్లు (మూలం నుంచి ఎంత దూరమో చెప్పే విలువలు), పొరుగు సగటులు | రౌండ్ల (పక్కవారితో సందేశాలు మార్చుకునే విడతల) సంఖ్యను బట్టి | కాదు | ఒక్కో ముక్క తనదైన జవాబుకు చేరుతుంది | వేల దాకా | కష్టం |
| వేలం | సెకన్లు | ఒక మేరకే | ఒకే పనికి ఇద్దరు దొరకవచ్చు | పదులు, వందలు | మధ్యస్థం |
| పరిసరాన్నే సందేశంగా వాడడం | మిల్లీసెకన్ల నుంచి | కాదు | ఉమ్మడి భౌతిక సంబంధం ఉన్నంతవరకు తేడా ఉండదు | పరిమితి దాదాపు లేదు | కష్టం |

## కేంద్ర సమన్వయకర్త

స్వయం వ్యవస్థీకరణ అనగానే కేంద్రం ఉండకూడదనుకుంటారు. అది అవసరం లేని నిష్ఠ. ఐబీఎం పరిశోధకులు 2003 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన మేప్-కే చక్రం (గమనించు, విశ్లేషించు, ప్రణాళిక వేయి, అమలు చేయి, వీటన్నిటికీ ఉమ్మడి జ్ఞానం) ఒకే సర్వర్‌పై నడిచినా వ్యవస్థ తనంతట తాను సర్దుకుంటుంది. నోడ్‌లు యాభై లోపు, నెట్‌వర్క్ తీగలతో ఉండి, నిర్ణయాల గడువు సెకన్లలో ఉంటే ఇక్కడే మొదలుపెట్టండి. రాయడం, పరీక్షించడం, "అప్పుడు అలా ఎందుకు చేసింది" అని తర్వాత చూసుకోవడం అన్నీ సులువు.

ఇది ఎక్కువగా చెడేది మూడు చోట్ల. కేంద్రం పంపే ఆజ్ఞకు గడువు ఉండదు. అరగంట తర్వాత క్యూలోంచి బయటపడిన "వాల్వు తెరువు" అనే పాత సందేశాన్ని నోడ్ అమలు చేసేస్తుంది. అందుకే ప్రతి ఆజ్ఞలో వరుస సంఖ్య, చెల్లుబాటు సమయం ఉండాలి. రెండోది, కేంద్రం కనబడకపోతే నోడ్ ఏం చేయాలో ఎవరూ రాయరు. "ఆఖరి ఆజ్ఞనే కొనసాగించు" అనేది కూడా ఒక నిర్ణయమే, అది హీటరు విషయంలో ప్రమాదకరం. మూడోది, సర్వర్ తిరిగి లేవగానే వందల నోడ్‌లు ఒకే క్షణంలో కనెక్టయి దాన్ని మళ్లీ పడగొడతాయి. తిరిగి కలిసే ముందు ప్రతి నోడ్ యాదృచ్ఛికంగా కొంత ఆగాలి. విఫలమైన ప్రతిసారీ ఆ వ్యవధి రెట్టింపు కావాలి, దానికి ఒక పైహద్దు ఉండాలి.

## ఓటింగ్‌తో ఏకాభిప్రాయం

ఒకే కేంద్రాన్ని నమ్ముకోకుండా, హక్కు ఒక్కరికే దక్కాల్సిన నిర్ణయాలకు ఇది తప్ప నమ్మదగిన దారి లేదు. 2014లో వెలువడిన రాఫ్ట్ అల్గారిథం అర్థం చేసుకోవడానికి, అమలు చేయడానికి అంతకుముందున్న పాక్సోస్ అల్గారిథం కంటే సులువు. లెక్క తెలిసిందే: 3 ఓటర్లుంటే 1 వైఫల్యం, 5 ఉంటే 2 వైఫల్యాలు తట్టుకుంటుంది. 4 పెడితే లాభం లేదు, తట్టుకునేది ఒక్కటే, మెజారిటీకి మాత్రం ఒకరు అదనంగా కావాలి. రెండు వందల బండ్లున్నా ఓటర్లు ఐదే ఉండాలి, మిగతావి వినేవి మాత్రమే.

గడువుల దగ్గర జాగ్రత్త పడాలి. రాఫ్ట్ రచయితలు సూచించిన ఎన్నిక గడువు (ఓటర్లు ఎన్నుకున్న లీడర్ నోడ్ ఇంతసేపు మాట్లాడకపోతే కొత్త ఎన్నిక మొదలవుతుంది) 150 నుంచి 300 మిల్లీసెకన్లు. అది డేటాసెంటర్ లాంటి నెట్‌వర్క్‌కు. ఒక యాక్సెస్ పాయింట్ నుంచి మరోదానికి మారేటప్పుడు వైఫై ఒకటి రెండు సెకన్లు మాట్లాడకపోతే, ఈ అంకెలతో వ్యవస్థ రోజంతా ఎన్నికలే జరుపుకుంటుంది. మీ నెట్‌వర్క్‌లో ఒక రోజంతా కొలిచి, కనబడిన అతి పెద్ద మౌనం కంటే ఎక్కువగా గడువు పెట్టండి. అలా పెడితే లీడర్ నిజంగా పోయినప్పుడు కొత్త లీడర్ రావడానికి కూడా అంత సమయం పడుతుంది. ఆ అంకెను మొదటి కొలతతో పోల్చి చూడండి. సరిపోకపోతే ఆ నిర్ణయం ఓటింగ్‌కు తగదు.

అసలు ప్రమాదం పాత లీడర్ దగ్గర ఉంది. ఓటింగ్ సాఫ్ట్‌వేర్ లోపల అంతా సరిగ్గానే ఉంటుంది. పదవి పోయిందని ఇంకా తెలియని పాత లీడర్ మోటారుకు ఆజ్ఞ పంపేస్తాడు. డేటాబేస్‌లో దాన్ని వెనక్కి తిప్పవచ్చు, కదిలిన క్రేన్‌ను తిప్పలేం. అందుకని ఆజ్ఞతో పాటు లీడర్ పదవీకాలం సంఖ్య (ప్రతి ఎన్నికకూ పెరిగేది) వెళ్లాలి. మోటారు నియంత్రించే చిన్న కంట్రోలర్ తాను చూసిన పెద్ద సంఖ్యను దాచుకుని, దానికంటే చిన్నదేది వచ్చినా తిరస్కరించాలి. ఈ తనిఖీ చివరి కంట్రోలర్‌లోనే ఉండాలి. మధ్యలో ఉన్న గేట్‌వేలో పెడితే ఫలితం సగమే.

లీజులు (కొద్ది గడువుకే ఇచ్చే హక్కులు) వాడితే గడియారాల సంగతి చూడండి. మామూలు క్రిస్టల్ గడియారం పది లక్షల్లో 50 వంతులు తప్పినా రోజుకు 4.3 సెకన్లే, రెండు సెకన్ల లీజులో అది లెక్కలోకి రాదు. దెబ్బతీసేవి వేరు: టైమ్ సర్వర్‌తో సరిచేసుకునేటప్పుడు గడియారం ఒక్కసారిగా వెనక్కి దూకడం, ప్రాసెస్ మధ్యలో కొంతసేపు స్తంభించడం. మొదటిదానికి వెనక్కి తిరగని మోనోటోనిక్ గడియారం వాడాలి. రెండోదానికి పైన చెప్పిన పదవీకాలం సంఖ్యే రక్ష.

ఇంకో రెండు. ఓటు, పదవీకాలం సంఖ్య డిస్కులోకి చేరకముందే జవాబు పంపితే, కరెంటు పోయి లేచిన నోడ్ ఒకే పదవీకాలంలో రెండుసార్లు ఓటేస్తుంది. చౌక మెమరీ కార్డుల్లో "రాశాను" అని చెప్పి రాయనివి ఉంటాయి, కాబట్టి రాస్తుండగా కరెంటు తీసేసి పరీక్షించండి. అలాగే, విడిపోయిన నోడ్ ఒంటరిగా ఎన్నికలు పెట్టుకుంటూ తన సంఖ్యను పెంచుకుని, తిరిగి చేరగానే బాగా పనిచేస్తున్న లీడర్‌ను దింపేస్తుంది. దీన్ని ఆపే ప్రీ-వోట్ సదుపాయం చాలా లైబ్రరీల్లో ఉంది. అది ఆన్‌లో ఉందో లేదో చూడండి.

## గాసిప్, సీఆర్‌డీటీలు

ప్రతి నోడ్ అప్పుడప్పుడూ ఎవరో ఒక నోడ్‌ను ఎంచుకుని తనకు తెలిసింది చెబుతుంది. ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడగల నెట్‌వర్క్‌లో, రౌండుకు ఒక్కరికే చెప్పినా, 1000 నోడ్‌లకు కబురు చేరడానికి సుమారు 17 రౌండ్లు చాలు. రేడియోలో పక్కవారితో మాత్రమే మాట్లాడగలిగితే ఈ లెక్క చెల్లదు; నెట్‌వర్క్ ఒక కొస నుంచి మరో కొసకు ఎన్ని అంచెలో కనీసం అన్ని రౌండ్లు పడతాయి.

బ్యాటరీ సెన్సర్లకు ట్రికిల్ అల్గారిథం తీసుకోండి. 2011 నాటి ఆర్ఎఫ్‌సీ 6206 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది. నోడ్ తన వ్యవధిలోని రెండో సగంలో యాదృచ్ఛికంగా ఒక క్షణం ఎంచుకుంటుంది. ఆ లోపు పక్కవారి నుంచి అదే సమాచారం నిర్ణీత సంఖ్యలో వినబడితే తాను నోరు విప్పదు. అంతా ఒకేలా ఉంటే వ్యవధి రెట్టింపవుతూ పోతుంది, తేడా కనబడగానే కనిష్ఠానికి పడిపోతుంది. దీన్ని వాడే ఆర్‌పీఎల్ రూటింగ్‌లో (సెన్సర్ నెట్‌వర్క్‌లలో సందేశాలకు దారి వెతికే పద్ధతి) డిఫాల్ట్ కనిష్ఠం 8 మిల్లీసెకన్లు, గరిష్ఠం సుమారు 2.3 గంటలు. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు దాదాపు ఖర్చు లేదు, మార్పు వస్తే వెంటనే పాకుతుంది. కానీ ఒక్క పాడైన నోడ్ తప్పుడు వెర్షన్ ప్రకటిస్తూ ఉంటే అందరి వ్యవధీ కనిష్ఠంలోనే ఉండిపోయి బ్యాటరీలు ఖాళీ అవుతాయి. గంటలో ఇన్నిసార్లకు మించి వ్యవధి కనిష్ఠానికి పడకూడదని ఒక పరిమితి పెట్టండి.

గాసిప్‌తో పంచుకునే డేటా సీఆర్‌డీటీ రూపంలో ఉంటే, సందేశాలు ఏ వరుసలో వచ్చినా, రెండుసార్లు వచ్చినా అందరూ చివరికి ఒకే విలువకు చేరతారు. దీని ఖరీదు పరిమాణంలో కనబడుతుంది. 500 నోడ్‌ల లెక్కింపు సీఆర్‌డీటీలో ఒక్కో నోడ్‌కు 4 బైట్లనుకున్నా 2000 బైట్లు, అంటే 802.15.4లో ఇరవైకి పైగా ఫ్రేములు. మారిన భాగాన్ని మాత్రమే పంపే డెల్టా రకాన్ని వాడితేనే ఇది రేడియోకు తట్టుకుంటుంది. "చివరగా రాసినవారిదే చెల్లుతుంది" అనే రకం వాడితే, గడియారం ముందుకున్న నోడ్ ఎప్పుడూ గెలుస్తూనే ఉంటుంది, పైగా ఎవరికీ తెలియకుండా.

సీఆర్‌డీటీ అందరినీ *చివరికి* కలుపుతుంది గానీ ఈలోగా ఇద్దరు ఒకే పని చేయడాన్ని ఆపదు. మొత్తం 10 కిలోవాట్లకు మించి వాడకూడదనే హద్దును దాంతో కాపాడలేం. అలాంటి హద్దులుంటే ముందే వాటాలు పంచేయండి: ఐదు నోడ్‌లకు తలా 2 కిలోవాట్లు, కావలసినవారు పక్కవారి నుంచి వాటా బదిలీ చేయించుకోవాలి, ఇచ్చే నోడ్ ముందు తన లెక్కలో తగ్గించుకున్నాకే పంపాలి. బదిలీ సందేశం దారిలో పోతే కొంత వాటా వృథా అవుతుంది, కానీ హద్దు ఎన్నడూ దాటదు.

## గ్రేడియంట్లు, పొరుగు సగటులు

వేలాది నోడ్‌లు పరుచుకున్న చోట ఒక్కో నోడ్‌కు కాకుండా మొత్తం ప్రాంతానికి ప్రోగ్రాం రాయడమే అగ్రిగేట్ కంప్యూటింగ్. ప్రొటెలిస్, స్కాలా భాషలోని స్కాఫీ దీనికి వాడే భాషా సాధనాలు, ఆల్కెమిస్ట్ దీనికి తరచు వాడే సిమ్యులేటర్. 2014లో హార్వర్డ్‌లో కిలోబాట్లు అనే 1024 చిన్న రోబోలు తమంతట తామే ఆకారాలుగా పేరుకున్నది ఇలాంటి గ్రేడియంట్ మీదే: మూలం (లెక్క మొదలయ్యే నోడ్) విలువ సున్నా, మిగతా ప్రతి నోడ్ విలువ పక్కవారిలో అతి తక్కువదానికి ఒకటి కలిపింది. ఒక్కో ఆకారానికి పట్టిన సమయం సుమారు 12 గంటలు. వేగం కావాలనుకునేవారు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

దీని పెద్ద బలం స్వయం-స్థిరీకరణ, 1974లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా చెప్పిన అర్థంలోనే: ఏ చెడిపోయిన స్థితి నుంచి మొదలైనా కొంతసేపటికి సరైన స్థితికి వస్తుంది. కానీ ఆ "కొంతసేపు" ఎంత? ఒకటి బదులు నోడ్‌ల మధ్య దూరాన్నే కలిపే గ్రేడియంట్‌లో మూలం మాయమైందనుకోండి. దాని పక్కనే దగ్గరదగ్గరగా ఉన్న రెండు నోడ్‌లు ఒకరి విలువ చూసి ఒకరు, వాటి మధ్య ఉన్న చిన్న దూరం చొప్పున మాత్రమే విలువ పెంచుకుంటూ పోతాయి. ఆ రెండూ 10 సెంటీమీటర్ల దూరంలో ఉండి కొత్త మూలం 100 మీటర్ల అవతల ఉంటే సరైన విలువకు చేరడానికి వెయ్యి రౌండ్ల స్థాయిలో పడుతుంది. మందు తేలికే: మూలం ప్రతి రౌండులో ఒక వరుస సంఖ్యను గ్రేడియంట్‌తో పాటు పంపాలి, ఆ సంఖ్య కొంతసేపు పెరగకపోతే నోడ్ తన విలువను చెరిపేయాలి.

గ్రేడియంట్ దారిలో మొత్తాలు పోగుచేసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. నోడ్ తన పై నోడ్‌ను (తన లెక్కను అందించే నోడ్‌ను) మార్చుకున్న ఆ రౌండులో దాని లెక్క రెండుచోట్ల చేరుతుంది, లేదా ఎక్కడా చేరదు. కదిలే నోడ్‌లలో ఇది ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. వీలైతే మొత్తం బదులు గరిష్ఠం, కనిష్ఠం లాంటివి వాడండి. ఒకే విలువ రెండుసార్లు వచ్చినా వాటికి తేడా పడదు.

పొరుగు సగటుకూ ఇలాంటి నియమాలున్నాయి. ప్రతి రౌండులో నోడ్ తన విలువను పక్కవారి వైపు కొంత జరుపుతుంది. ఆ అడుగు, ఎక్కువ పొరుగువారున్న నోడ్ పొరుగుల సంఖ్యకు విలోమం కంటే చిన్నదిగా ఉండాలి. లేకపోతే విలువలు కుదుటపడకుండా ఊగవచ్చు. నెట్‌వర్క్ ఆకారం అంతకంటే ముఖ్యం. వలయంగా ఉన్న 100 నోడ్‌లలో, అడుగు మూడో వంతు పెట్టి, తేడా నూరో వంతుకు తగ్గాలంటే సుమారు 3,500 రౌండ్లు కావాలి. సెకనుకు పది రౌండ్లు నడిపినా దాదాపు ఆరు నిమిషాలు. వలయానికి అడ్డంగా దూరపు లంకెలు కొన్ని కలిపితే ఈ సంఖ్య బాగా పడిపోతుంది. ఒకవైపు వెళ్లే సందేశాలు మాత్రమే అందకుండా పోతే సగటే తప్పు వైపు జరిగిపోతుంది, కాబట్టి పక్కవాడు అందుకున్నానని చెప్పాకే ఇద్దరూ విలువ మార్చుకోవాలి.

## వేలం

పని ఎవరు చేయాలన్న ప్రశ్నకు వేలం సహజంగా నప్పుతుంది. 1980 నాటి కాంట్రాక్ట్ నెట్ అనే పద్ధతిలో ఒకరు పని ప్రకటిస్తారు, మిగతావారు ఖర్చు చెబుతారు, తక్కువ చెప్పినవారికి పని దక్కుతుంది. 2009లో వచ్చిన సీబీబీఏ అల్గారిథంలో ప్రకటించేవారు కూడా అక్కర్లేదు. డ్రోన్లు తమ పాటలను (వేలంలో చెప్పిన అంకెలను) పొరుగువారితో పోల్చుకుంటూ పంపకానికి చేరతాయి. చేతికి పనులు పెరిగేకొద్దీ ఒక్కో కొత్త పని ఇచ్చే లాభం తగ్గుతూ ఉంటే, దాని ఫలితం ఉత్తమంలో సగానికి తగ్గదన్న హామీ ఉంది.

పాటలో బ్యాటరీ, దూరం, ఇప్పటికే ఉన్న పనులు అన్నీ సమయంగా మార్చి ఒకే అంకెలో చెప్పించండి. వేర్వేరు కొలమానాలకు బరువులు కలిపితే ఆ బరువులను సరిచూడడంతోనే నెలలు గడుస్తాయి. గెలిచినవారికి పని లీజుగా ఇవ్వాలి. సగం దారిలో ఆగిపోతే గడువు తీరగానే మళ్లీ వేలానికి రావాలి. కొత్త పాట పాతదానికంటే కనీసం 15 శాతం మెరుగైతేనే పని చేతులు మారాలి. ఈ అడ్డు లేకపోతే సమాన దూరంలో ఉన్న రెండు బండ్లు ఒకే పనిని అటూఇటూ మార్చుకుంటూ రెండూ కదలవు. చీలిక వస్తే ఒకే పనికి ఇద్దరు వెళ్లగలరు. సరుకు దగ్గర రెండో బండి ఊరికే వెనక్కి తిరిగిపోతే నష్టం కొద్దిపాటి బ్యాటరీయే, అలాంటి చోట వేలం చాలు. రెండోవారు రావడమే ప్రమాదమైన చోట ఆ చివరి అడుగుకు ఓటింగ్ తాళం పెట్టండి.

డీకో వంటి సమూహ ఆధారిత నమూనాలు కూడా చూస్తుంటారు. షరతు సరిపోయిన భాగాలు తాత్కాలికంగా ఒక గుంపై, డేటా పంచుకుని విడిపోతాయి. కోడ్ అమరికకు బాగుంటుంది. కింద గుంపు సభ్యత్వం ఎలా తేలుతోందో చూస్తే మళ్లీ పై పద్ధతుల్లో ఒకటే కనబడుతుంది, కాబట్టి విడి ఎంపికగా లెక్కించనక్కర్లేదు.

## పరిసరాన్నే సందేశంగా వాడడం

కొన్నిచోట్ల రేడియో అక్కర్లేదు. గ్రిడ్‌లో జనరేటర్లు ఫ్రీక్వెన్సీ చూసే పని పంచుకుంటాయి. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఉత్పత్తి పెంచే ఈ నియమాన్ని డ్రూప్ అంటారు. 50 హెర్ట్జ్ గ్రిడ్‌లో 5 శాతం డ్రూప్ అంటే సున్నా నుంచి పూర్తి సామర్థ్యానికి 2.5 హెర్ట్జ్ తేడా, ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ పడితే ప్రతి యంత్రమూ తన సామర్థ్యంలో 4 శాతం అదనంగా ఇస్తుంది. ఎవరూ ఎవరినీ అడగరు, నెట్‌వర్క్ పూర్తిగా పోయినా నడుస్తుంది.

ప్రమాదం అందరూ ఒకే గీత చూసి ఒకేసారి స్పందించడంలో ఉంది. జర్మనీలో సౌర ఇన్వర్టర్లను ఒకప్పుడు ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటగానే విడిపోయేలా అమర్చేవారు. కొద్దిమంది ఉన్నప్పుడు అది సరైన నియమమే. సౌర విద్యుత్తు పెరిగాక, ఆ గీత దాటిన క్షణంలో అన్నీ కలిసి విడిపోతే గ్రిడ్ మొత్తం కూలే ముప్పు ఏర్పడింది. 2012లో నిబంధన తెచ్చి పాత ఇన్వర్టర్లను సరిచేయించాల్సి వచ్చింది. కాబట్టి గీతల బదులు వాలు పెట్టండి, తప్పనిసరిగా గీతే కావాలంటే ఒక్కో నోడ్‌కు దాన్ని కొద్దిగా మార్చండి, తిరిగి చేరేటప్పుడు యాదృచ్ఛిక ఆలస్యం, నెమ్మదైన పెరుగుదల ఉంచండి.

## ఎవరికి ఏది

గోదాము బండ్లు, 20 నుంచి 60. పని పంపకం కేంద్రంలోనే ఉంచండి. సందులు, కూడళ్ల హక్కు ఐదుగురు ఓటర్ల రాఫ్ట్‌తో, లీజుగా, పదవీకాలం సంఖ్యతో. ఢీకొనకుండా ఆగడం బండి సొంత సెన్సర్ మీదే, నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా. వేలం ఇక్కడ అదనపు శ్రమే.

లింకు పోతూ వస్తూ ఉండే డ్రోన్ల గుంపు. పనులకు వేలం, మ్యాప్‌కు సీఆర్‌డీటీ, దూరం పాటించడానికి నేరుగా పొరుగువారి స్థానాలు. ఏకాభిప్రాయం పెట్టకండి, చిన్న ముక్కలో పడ్డ డ్రోన్ జవాబు కోసం ఎదురుచూస్తూ బ్యాటరీ కోల్పోతుంది. వేరువేరు ఎత్తులను ముందే కేటాయించి పంపితే, ఒకే పనికి ఇద్దరు వచ్చినా తాకరు.

భవనంలో వందల బ్యాటరీ సెన్సర్లు. సెట్టింగులకు ట్రికిల్, సమీప ద్వారం వైపు దారి చూపడానికి వరుస సంఖ్య ఉన్న గ్రేడియంట్, నివేదికలకు కేంద్రం. ఏ సందేశమూ ఒక్క ఫ్రేమ్ దాటకుండా డిజైన్ చేయండి.

మైక్రోగ్రిడ్ ఇన్వర్టర్లు. క్షణక్షణ సమతుల్యానికి డ్రూప్. దానివల్ల మిగిలే ఫ్రీక్వెన్సీ తేడాను సరిచేయడానికి నెమ్మదిగా నడిచే పొరుగు సగటు. ప్రధాన గ్రిడ్‌తో కలపడం, విడదీయడం మాత్రం ఓటింగ్‌తో.

## ఏది తీసుకున్నా చేయాల్సినవి

సర్దుబాటు చేసే సాఫ్ట్‌వేర్ కింద, దాన్ని నమ్మని చిన్న రక్షణ పొర ఒకటి ఉండాలి. సింప్లెక్స్ అమరిక సారం ఇదే: తెలివైన కంట్రోలర్ ఇచ్చిన ఆజ్ఞ భద్రతా హద్దు దాటించేలా ఉంటే, పూర్తిగా పరీక్షించిన సాదా కంట్రోలర్ చేతికి పగ్గాలు పోతాయి. ఆ పొర కొన్ని వందల లైన్లకు మించకపోతే దాని నమూనాను యూపాల్ లాంటి సాధనంతో పూర్తిగా సరిచూడవచ్చు.

పొరల మధ్య వేగాల తేడా ఉంచండి. సమన్వయ చక్రం, దాని కింద ఉన్న నియంత్రణ చక్రం కుదుటపడే సమయం కంటే ఐదు నుంచి పది రెట్లు నెమ్మదిగా నడవాలి. రెండూ దగ్గరగా ఉంటే ఒకదాని దిద్దుబాటును మరొకటి లోపంగా చదివి, వ్యవస్థంతా ఊగిసలాడుతుంది. ఇది సిమ్యులేషన్‌లో కనిపించకపోవచ్చు, ఎందుకంటే అక్కడ ఆలస్యాలు చాలాసార్లు సున్నా.

పరీక్షలకు వరుస ఇది. సందేశాల్లో 10, 30, 50 శాతం పోగొట్టండి. ఒకవైపు మాత్రమే వినబడే లింకు పెట్టండి. నెట్‌వర్క్‌ను పెద్ద గడువుకు మూడు రెట్ల సేపు చీల్చి, తిరిగి కలపండి. ఎక్కువ లోపాలు బయటపడేది కలిపిన తర్వాతి పది సెకన్లలోనే. ఒక నోడ్ గడియారాన్ని గంట ముందుకు, మరోదాన్ని వెనక్కి జరపండి. మూడో వంతు నోడ్‌లను ఒకేసారి ఆపి, అన్నిటినీ ఒకేసారి లేపండి. ప్రతిసారీ రెండే అంకెలు రాసుకోండి: భద్రతా హద్దు దాటిందా, కుదుటపడడానికి ఎంతసేపు పట్టింది. రెండో అంకె ఆ నిర్ణయానికి మీరు మొదట రాసుకున్న గడువు కంటే ఎక్కువైతే పరామితులు సరిచేస్తూ కూర్చోకండి, ఆ నిర్ణయానికి పద్ధతినే మార్చండి.